చిన్న స్పీకర్లకు మంద్ర స్వరాలు: రెల్ టి/9ఎక్స్ సబ్‌వూఫర్ల జత సమీక్ష

హార్బెత్ పి3ఇఎస్ఆర్ వంటి చిన్న స్పీకర్లను ఏరికోరి కొనుక్కున్నవారికి ఎప్పటికో ఒకప్పటికి ఒక కోరిక పుడుతుంది. గాత్రాన్ని ఇంత సహజంగా పలికించే పెట్టె మృదంగం తొప్పి మీద పడే దెబ్బను కూడా అంతే నిండుగా పలికిస్తే ఎంత బాగుండునో కదా అనిపిస్తుంది. బీబీసీ 1970లలో తన బయటి ప్రసారాల వ్యాన్ల కోసం రూపొందించుకున్న ఎల్ఎస్3/5ఎ వంశానికి చెందిన ఈ స్పీకరులో ఉన్నది 110 మిల్లీమీటర్ల వూఫరు. తయారీదారు ఇచ్చిన లెక్క ప్రకారమే అది 75 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. బేస్ గిటారు అడుగు తీగ 41 హెర్ట్జ్ దగ్గర, పియానో అట్టడుగు మెట్టు 27.5 హెర్ట్జ్ దగ్గర పలుకుతాయి కనుక, సంగీతంలో దాదాపు ఒకటిన్నర స్థాయి (ఆక్టేవ్) మేర మనకు దక్కకుండా పోతున్నదన్నమాట. పెద్ద స్పీకర్లకు మారితే ఆ కింది స్వరాలు వస్తాయి గాని, హార్బెత్ పలికించే గొంతు పోతుంది. ఆ గొంతును వదులుకోలేక, అడుగు స్వరాలను మాత్రమే పలికించే పెట్టెలైన సబ్‌వూఫర్లను, యాంప్లిఫయరు తనలోనే ఇముడ్చుకున్న రెల్ టి/9ఎక్స్ రకానివి, రెండింటిని మా హాల్లో చేర్చి, కొన్ని నెలలుగా వింటున్నాను.

సంగీతం శ్రద్ధగా వినేవారిలో చాలామందికి సబ్‌వూఫరు అంటే ఇప్పటికీ చిన్నచూపే. హోమ్ థియేటర్ షోరూముల్లో గోడలు అదిరేలా మోగించే పెట్టెలు విని వచ్చినవారికి ఆ అభిప్రాయం కలగడంలో వింత లేదు. సబ్ వల్ల బేస్ ‘నెమ్మదిస్తుంది’, తాళం వెనకబడినట్టు వినిపిస్తుంది అని వారు చెప్పే మాట కూడా అబద్ధం కాదు. అయితే ఆ నెమ్మదికి కారణం పది అంగుళాల కోన్ (స్పీకరులో ముందుకూ వెనక్కూ కదిలే గరాటు) బరువు అనుకోవడం పొరపాటు. 60 హెర్ట్జ్ దగ్గర పలికే కోన్ ఎంత పెద్దదైనా సెకనుకు 60 సార్లే కదలాలి. అసలు కారణం గది. కొన్ని కింది స్వరాలు గోడల మధ్య చిక్కుకుని, వాద్యం ఆగిన తరువాత కూడా మోగుతూనే ఉంటాయి. దానికి తోడు సబ్ ఎంత పైస్వరం వరకు పలకాలన్న హద్దును మరీ ఎత్తులో పెట్టి, శబ్దాన్ని అవసరానికి మించి పెంచితే తాళం మసకబారక తప్పదు. కాబట్టి సబ్‌ను సమీక్షించడమంటే, దానిని ఎక్కడ ఉంచాము, ఎలా కలిపాము అన్నదానిని సమీక్షించడమే.

ముందు వస్తువు సంగతి. రెల్ సంస్థను రిచర్డ్ ఎడ్మండ్ లార్డ్ 1990లో దక్షిణ వేల్స్‌లోని బ్రిడ్జెండ్‌లో స్థాపించారు. సినిమా పేలుళ్ళ కంటే రెండు స్పీకర్ల సంగీత వ్యవస్థకు అడుగు స్వరాలు చేర్చడం మీదే ఆ సంస్థ శ్రద్ధ ఎక్కువ. టి/9ఎక్స్‌లో ముందువైపు 10 అంగుళాల డ్రైవరు, అడుగున నేలకేసి చూస్తూ 10 అంగుళాల ప్యాసివ్ రేడియేటరు (కరెంటు లేకుండా, పెట్టెలోని గాలి ఒత్తిడికే కదిలే కోన్), లోపల 300 వాట్ల క్లాస్ ఎబి యాంప్లిఫయరు ఉంటాయి. పెట్టె 27 హెర్ట్జ్ వరకు దిగుతుందని సంస్థ చెబుతుంది, కాని అది 6 డెసిబెల్స్ తగ్గిన చోట తీసిన కొలత అని గమనించాలి. గదిలో గోడల సాయం తోడవుతుంది కనుక ఆచరణలో అంతకంటే మెరుగ్గానే వినిపిస్తుంది. ఒక్కో పెట్టె ఇరవై కిలోలకు దగ్గరగా తూగుతుంది. నిగనిగలాడే నల్లటి పూత చూడముచ్చటగా ఉంటుంది గాని, మన ఊళ్ళ దుమ్ముకు రోజూ తుడవవలసిందే.

ఈ సంస్థ మిగతావారికి భిన్నంగా నిలిచేది కలిపే పద్ధతిలో. సాధారణంగా సబ్‌వూఫరుకు ప్రీ యాంప్ (సిగ్నల్‌ను ఎంచి, వాల్యూమ్ సరిచేసే మొదటి భాగం) నుంచి ఆర్‌సిఎ కేబుల్ వేస్తారు. రెల్ మాత్రం పవర్ యాంప్ (స్పీకర్లను నడిపే భాగం) నుంచి స్పీకర్లకు వెళ్ళే సిగ్నల్‌నే, న్యూట్రిక్ స్పీకాన్ ప్లగ్గు ఉన్న పొడవాటి కేబుల్ ద్వారా తీసుకోమంటుంది. సబ్ లోపలి ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (కరెంటుకు అది చూపే అడ్డు) చాలా ఎక్కువ కనుక యాంప్ మీద అదనపు భారం పడదు. దీని ప్రయోజనం స్పష్టంగా వినిపిస్తుంది. యాంప్‌కు ఉన్న స్వభావం, దాని వెచ్చదనమో బిగువో, సబ్‌కు కూడా అందుతుంది. అందుకే పైస్వరాలు ఒక యంత్రం నుంచి, కిందివి మరొక యంత్రం నుంచి వస్తున్నట్టు ఉండదు.

కేబుల్ చివర ఎరుపు, పసుపు, నలుపు తీగలు మూడు ఉంటాయి. ఒకే సబ్ అయితే ఎరుపును కుడి స్పీకరు ప్లస్‌కు, పసుపును ఎడమ స్పీకరు ప్లస్‌కు, నలుపును ఏదో ఒక మైనస్‌కు కలుపుతారు. రెండు సబ్‌లను స్టీరియోగా వాడేటప్పుడు ఎరుపు, పసుపు తీగల రాగి పోగులను కలిపి మెలిపెట్టి ఆ వైపు ప్లస్‌కు, నలుపును అదే వైపు మైనస్‌కు బిగించాలి. ఒక్క పోగు బయటికి తప్పుకుని పక్క టెర్మినల్‌ను తాకినా యాంప్‌కు ప్రమాదమే కనుక, మెలిపెట్టిన కొసను బైండింగ్ పోస్టు రంధ్రంలో పూర్తిగా దూర్చి, వేలితో తడిమి చూసుకున్నాకే స్విచ్ వేయాలి. ఇక్కడే ఒక గట్టి హెచ్చరిక. కొన్ని యాంప్లిఫయర్లలో, ముఖ్యంగా బ్రిడ్జ్ లేదా పూర్తి డిఫరెన్షియల్ నిర్మాణం ఉన్నవాటిలోనూ, చాలా క్లాస్ డి యాంపుల్లోనూ, స్పీకరు మైనస్ టెర్మినల్ గ్రౌండ్ (సున్నా వోల్టేజి) మట్టంలో ఉండదు. నల్ల తీగను అక్కడ కలిపితే యాంప్ కాలిపోవచ్చు. అటువంటి యాంపులకు నల్ల తీగను ఛాసిస్ గ్రౌండ్‌కు, అంటే యాంప్ లోహపు చట్రానికి, కలపాలి. మీ యాంప్ ఏ రకమో తయారీదారుని అడిగి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోకుండా ఈ కేబుల్‌ను ముట్టుకోవద్దని నా మనవి.

ఇక గది. విదేశీ పత్రికల్లో వచ్చే సమీక్షలు చాలావరకు కొయ్య చట్రానికి జిప్సం పలకలు బిగించిన ఇళ్ళలో కూర్చుని రాసినవి. ఆ గోడలు కింది స్వరాలను కొంత పీల్చుకుంటాయి, కొంత బయటికి వదిలేస్తాయి. హైదరాబాదు అపార్టుమెంట్లలో ఇటుక గోడ, కాంక్రీటు శ్లాబు, నేల మీద టైల్సు ఉంటాయి. వీటికి తగిలిన బేస్ దాదాపు ఉన్నది ఉన్నట్టుగా తిరిగి గదిలోకే వస్తుంది. అందువల్ల మనకు బేస్ పరిమాణానికి కొరత లేదు, కాని అది కొన్ని స్వరాల దగ్గర కుప్పపడుతుంది. మా హాలు 16 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు. ధ్వని వేగాన్ని పొడవుకు రెట్టింపుతో భాగిస్తే మొదటి మోడ్, అంటే ఆ గోడల మధ్య చిక్కుకుని మోగే స్వరం, సుమారు 35 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. వెడల్పుకు 47, ఎత్తుకు 57. ఈ మూడు స్వరాలూ మిగతావాటి కంటే బిగ్గరగా, ఎక్కువసేపు మోగుతాయి. ఎవరైనా తమ గదికి ఈ లెక్కను కాగితం మీద వేసుకోవచ్చు, వేసుకున్నాకే సబ్ కొనాలి.

ఒక పెద్ద సబ్‌కు బదులు రెండు మధ్యరకం సబ్‌లను నేను ఎంచుకోవడానికి కారణం ఈ లెక్కే. వెడల్పు మోడ్ దగ్గర ఒక పక్క గోడ వద్ద ఒత్తిడి పెరుగుతున్న క్షణంలో ఎదుటి గోడ వద్ద తగ్గుతూ ఉంటుంది. రెండు గోడల దగ్గరా ఒక్కో సబ్ ఉంచి, రెండింటికీ ఒకే స్వరాన్ని ఒకే ఫేజ్‌లో, అంటే రెండు కోన్లూ ఒకేసారి ముందుకు, ఒకేసారి వెనక్కి కదిలేలా, పంపితే, ఒకటి ఆ మోడ్‌ను ఎటు తోస్తుందో రెండవది దానికి ఎదురు తోస్తుంది. అందువల్ల 47 హెర్ట్జ్ దగ్గరి మోత దాదాపు పుట్టకుండానే పోతుంది. హర్మన్ సంస్థ ఇంజినీరు టాడ్ వెల్టి 2002లో ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ సమావేశానికి సమర్పించిన పత్రంలో ఎన్ని సబ్‌లు చాలు అన్న ప్రశ్ననే తీసుకున్నారు. ఎదురెదురు గోడల మధ్య బిందువుల వద్ద ఉంచిన రెండు సబ్‌లు మంచి ఫలితం ఇస్తాయని, నాలుగు గోడల మధ్యలో నాలుగు ఉంచితే ఇంకా మేలని, అంతకు మించి పెంచుకుంటూ పోతే ఒనగూరేది పెద్దగా లేదని తేల్చారు. స్టీరియోగా కలిపితే రెండు సబ్‌లకూ వేర్వేరు సిగ్నల్ వెళుతుంది కదా అని సందేహం రావచ్చు. రికార్డింగుల్లో అడుగు బేస్ చాలావరకు మధ్యలోనే ఉంటుంది, ఎల్‌పి (గ్రామఫోను) రికార్డుల విషయంలో సూది గాడి తప్పకుండా దానిని కావాలనే మధ్యకు చేరుస్తారు, కనుక ఈ లాభం స్టీరియోలోనూ నిలుస్తుంది.

రెల్ సంస్థ తన సబ్‌ను మూలలో ఉంచమని సలహా ఇస్తుంది. ముందు గోడ రెండు మూలల్లో ఈ జతను ఉంచినప్పుడు బరువు, దిగుదల రెండూ అమోఘంగా వచ్చాయి, వెడల్పు మోడ్ కూడా అణిగింది. కాని మూల అన్నది పొడవు మోడ్‌ను పూర్తి బలంతో రేపే చోటు కనుక, 35 హెర్ట్జ్ దగ్గర స్వరం సోకినప్పుడల్లా గది ఒక్కసారిగా ఉబ్బినట్టయ్యేది. మినిడిఎస్‌పి వారి యుమిక్-1 మైకును కుర్చీలో చెవి ఎత్తున నిలిపి, ఉచితంగా దొరికే రూమ్ ఇక్యూ విజార్డ్ సాఫ్ట్‌వేర్‌తో కొలిచినా గ్రాఫులో అక్కడే ఒక కొండ కనిపించింది. పక్క గోడల నడిమికి జరిపితే పొడవు మోడ్‌కు అక్కడ ఒత్తిడి శూన్యం కనుక ఆ కొండ కరిగిపోవాలి. మా ఇంట్లో ఒక గోడ నడుమ బాల్కనీ తలుపు ఉంది. అందుకని రెండు సబ్‌లనూ సమానంగా ముందుకు జరిపి, ముందు గోడ నుంచి 6 అడుగుల దూరంలో నిలిపాను. ఆ చోట 35 హెర్ట్జ్ మోడ్‌కు అందే బలం మూలతో పోలిస్తే సగం కంటే తక్కువ. వినిపించిన తేడా చిన్నది కాదు. అంతవరకు ఒకే ముద్దగా ఉన్న బేస్ గిటారు స్వరాలు విడివిడిగా, ఒకదాని తరువాత ఒకటి నడుస్తూ వచ్చాయి. కుర్చీని కూడా గది సరిగ్గా నడుమ గాని, వెనుక గోడకు ఆనించి గాని వేయకూడదు. మొదటి చోట కొన్ని స్వరాలు మాయమవుతాయి, రెండవ చోట అన్నీ ఉబ్బుతాయి. ఈ జరుపుళ్ళకు ఓపిక కావాలి, ఇరవై కిలోల పెట్టెను నేల గీసుకోకుండా జరపడానికి మరొక మనిషి సాయం కూడా కావాలి. కాని ఆర్భాటమైన కేబుళ్ళకు, స్టాండ్లకు పెట్టే డబ్బు మొత్తం కంటే ఈ శ్రమే ఎక్కువ ఫలితం ఇస్తుందని నా దృఢమైన అభిప్రాయం.

చోటు కుదిరాక మిగిలేవి ఫేజ్, క్రాస్ఓవర్ (సబ్ పలికే పై హద్దు), శబ్ద స్థాయి. బేస్ పదే పదే వచ్చే ఒక భాగాన్ని పెట్టి, ఫేజ్ స్విచ్‌ను 0 నుంచి 180కి, మళ్ళీ 0కి మార్చి చూడాలి. ఏ స్థితిలో నిండుగా వినిపిస్తే అదే సరైనది. హార్బెత్ మూసిన పెట్టె కనుక 75 హెర్ట్జ్ కింద ఒక్కో ఆక్టేవ్‌కు సుమారు 12 డెసిబెల్స్ చొప్పున మెల్లగా తగ్గుతుంది, రంధ్రం ఉన్న పెట్టెల్లా ఒక్కసారిగా కూలిపోదు. ఈ నెమ్మదైన వాలు మీద సబ్‌ను అతికించడం తేలిక. క్రాస్ఓవర్ చివరికి నాకు కుదిరింది 60 హెర్ట్జ్ కాస్త దాటిన చోట. క్రాస్ఓవర్ ఎక్కువైందో లేదో తెలుసుకోవడానికి వార్తలు చదివే పురుష కంఠాన్ని మించిన పరీక్ష లేదు. వాద్యాలేవీ లేని ఆ గొంతు సబ్ ఉన్నా, ఆపినా ఒకే రకంగా వినిపించాలి. సబ్ వేయగానే చదివేవారి ఛాతీ పెద్దదైనట్టు తోస్తే హద్దు కిందికి దించవలసిందే. శబ్ద స్థాయిని మాత్రం మీరు రోజూ వినే ధ్వనిలోనే సరిచూసుకోవాలి. ధ్వని తగ్గేకొద్దీ చెవికి కింది స్వరాలు మరింత వేగంగా మరుగవుతాయని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు. పగటిపూట బిగ్గరగా వింటూ కుదిర్చిన స్థాయి రాత్రివేళ చాలదు.

ఇదంతా చేశాక వచ్చే ఫలితం ఏమిటి? కచేరీలో తంబూరా చేసే పనిని ఈ జత చేస్తుంది. ఎవరూ ప్రత్యేకంగా దానికేసి చెవి ఒగ్గరు, ఆగిందంటే మాత్రం వేదికంతా వెలితి పడుతుంది. కర్ణాటక సంగీత కచేరీ రికార్డింగుల్లో మృదంగం తొప్పి (మంద్రంగా పలికే ఎడమ ముఖం) వైపు నాదం ఇంతవరకు ‘ధప్’ అన్న చప్పుడుగా వినిపించేది. ఇప్పుడు రవ్వ పూసిన ఆ చర్మం మీద దెబ్బ పడటం, వెంటనే విద్వాంసుడు మణికట్టు అడుగుతో ఒత్తి స్వరాన్ని పైకి వంచడం, ఆ గుంకీ ఎంతవరకు సాగి ఎక్కడ ఆగిందో, అన్నీ తెలుస్తున్నాయి. తాళం వెనకబడటం అటుంచి, తని ఆవర్తనంలో (మృదంగం ఒంటరిగా వాయించే ఘట్టంలో) వలంతలై అనే కుడి ముఖం, తొప్పి దెబ్బల మధ్య ఖాళీలు మునుపటి కంటే శుభ్రంగా ఉన్నాయి. ఎనభైల నాటి తెలుగు సినిమా పాటల్లో బేస్ గిటారు పల్లవికి సమాంతరంగా వేరే రాగంలా నడిచే చోట్లు ఎన్నో ఉన్నాయి. వాటిని వినడానికి ఈ వ్యవస్థ ముందు కూర్చోవడం నిజమైన ఆనందం.

బేస్ వాద్యాలే లేని రికార్డింగులు కూడా మారడం మరొక విశేషం. ఒక గాయని, ఒక వయొలిను మాత్రమే ఉన్న ప్రత్యక్ష కచేరీలో సబ్ ఆపితే గోడలు దగ్గరికి వచ్చినట్టు, వేస్తే సభామందిరం వెనక్కి జరిగినట్టు ఉంటుంది. మందిరంలో ఉండే గాలి కదలిక, వేదిక కొయ్య పలకల మీద అడుగుల సద్దు వంటి అతి మంద్ర ధ్వనులు మైకులో పడతాయి గాని చిన్న స్పీకర్లు వాటిని వినిపించలేవు. స్థలాన్ని గుర్తుపట్టడానికి చెవికి అవే ఆధారాలు కాబోలు. ఈ ఒక్క గుణం కోసమైనా ఈ జతను నేను వదులుకోను.

లోపాలు కూడా చెప్పాలి. రిమోట్ లేదు, ఫోను యాప్ లేదు, బిరడాలన్నీ వెనుక వైపే. రాత్రి స్థాయి కాస్త పెంచుకోవాలంటే లేచి వెళ్ళి పెట్టె వెనక వంగాలి. ఒక్కో స్వరాన్ని విడిగా హెచ్చించి తగ్గించే ఈక్వలైజరు లేదు కనుక గది సమస్యలను చోటు మార్చి తీర్చుకోవలసిందే తప్ప వేరే దారి లేదు. ఎస్‌విఎస్ సంస్థ ఎస్‌బి-1000 ప్రో వంటి సబ్‌లలో ఫోను నుంచే క్రాస్ఓవర్‌ను, ఫేజ్‌ను, ఈక్వలైజరును మార్చుకోవచ్చు. ఈ స్థాయి పరికరంలో కనీసం శబ్ద నియంత్రణకైనా రిమోట్ ఇవ్వకపోవడాన్ని నేను సమర్థించలేను.

రెండవ లోపం పద్ధతికి సంబంధించినది. రెల్ విధానంలో ముఖ్య స్పీకర్లకు పూర్తి సిగ్నల్ వెళుతూనే ఉంటుంది. అంతే బిగ్గరగా వినిపించాలంటే స్వరం ఒక ఆక్టేవ్ దిగినప్పుడల్లా కోన్ నాలుగు రెట్లు ఎక్కువ దూరం కదలాలి కనుక, సబ్ ఉన్నా హార్బెత్ చిన్న వూఫరుకు శ్రమ తగ్గదు. ఒక మోస్తరు ధ్వనిలో వినే నా వంటివారికి ఇది సమస్య కాదు. బాగా బిగ్గరగా వినేవారు స్పీకర్లకు హై పాస్ ఫిల్టరు వేసి కింది స్వరాలను పూర్తిగా సబ్‌కే అప్పగించే పద్ధతికి వెళ్ళాలి. కెఇఎఫ్ కెసి62లో అటువంటి ఫిల్టరు ఉన్న లైన్ అవుట్‌పుట్ ఉంది. అందుకు ప్రీ యాంప్, పవర్ యాంప్ విడిగా ఉండాలి, రెండూ ఒకే పెట్టెలో ఉన్న ఇంటిగ్రేటెడ్ యాంప్ అయితే వాటిని విడదీసే సౌకర్యమైనా ఉండాలి.

కరెంటు విషయం చాలామంది చివరికి వదిలేస్తారు. సబ్ గోడ దగ్గర ఉంటుంది కనుక అక్కడి ప్లగ్గులోనే పెట్టేస్తాం. యాంప్ ఒక ప్లగ్గు నుంచి, సబ్‌లు వేరే ప్లగ్గుల నుంచి కరెంటు తీసుకుంటే ఎర్త్ తీగల మధ్య స్వల్ప తేడా వచ్చి, 50 హెర్ట్జ్ హమ్ (ఆగకుండా వచ్చే గుయ్‌మనే మోత) సబ్‌లోంచి వినిపించవచ్చు. అన్నింటినీ ఒకే ప్లగ్గు నుంచి, మంచి ఎక్స్‌టెన్షన్ బోర్డుతో నడిపితే చాలా ఇళ్ళలో అది పోతుంది. హమ్ పోవడానికి ఎర్త్ పిన్ను తీసేయమని సలహా ఇచ్చే మెకానిక్కులు ఉన్నారు. ప్రాణానికి ముప్పు తెచ్చే ఆ పనిని ఎవరు చెప్పినా చేయవద్దు. అలాగే ప్యాసివ్ రేడియేటరు నేలకేసి ఊదుతుంది కనుక కింది అంతస్తువారి సంగతి ఆలోచించాలి. కాళ్ళ కింద మందపాటి రబ్బరు దిమ్మలు వేస్తే పెట్టె అదురు శ్లాబులోకి దిగడం తగ్గుతుంది. గాలి ద్వారా వెళ్ళే బేస్‌ను మాత్రం అవి ఆపలేవు. రాత్రి పది దాటాక నేను స్థాయి తగ్గించే వింటాను.

కొనదలచినవారు డీలరు షోరూములో విని నిర్ణయించుకోవద్దు. అక్కడి గది వేరు, మీ గది వేరు. జతను ఇంటికి తెచ్చి వినిపించడానికి ఒప్పుకునే డీలరునే ఎంచుకోండి. మీ గది 12 అడుగులకు 10 అడుగుల లోపు ఉంటే టి/9ఎక్స్ జత అవసరానికి మించినది. అదే వరుసలో 8 అంగుళాల డ్రైవరు, 200 వాట్ల యాంప్ ఉన్న టి/7ఎక్స్ జత అక్కడ సరిపోతుంది. డబ్బు ఒక్క టి/9ఎక్స్‌కు మాత్రమే ఉంటే, దాని బదులు చిన్నవి రెండు కొనమనే చెబుతాను. సినిమాలే ఎక్కువగా చూసేవారు, 20 హెర్ట్జ్ దాకా దిగే గర్జన కోరేవారు మరో సంస్థ తయారుచేసే పెద్ద సబ్‌ల వైపు చూడటం మంచిది, ఈ పెట్టె వారి కోసం చేసినది కాదు.